నలభై మూడో నంబరు రెక్క

నాలుగేళ్ళపాటు సముద్రం ముఖం చూడకుండా డాల్ఫిన్ల మీద పనిచేశాను. ఉద్యోగం పేరు రీసెర్చ్ అసిస్టెంట్. ఆఫీసు హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్‌లో, పెళ్ళికార్డులు అచ్చువేసే దుకాణం పైన రెండు గదులు. కింద మిషన్ తిరిగినంతసేపూ నా టేబుల్ సన్నగా వణికేది. కంప్యూటర్ తెర మీద ఉన్న బూడిదరంగు రెక్క కూడా దాంతోపాటే వణికేది. మొదటి నెల తల తిరిగినట్టుండేది. తర్వాత్తర్వాత మిషన్ ఆగితేనే తోచేది కాదు.

చలికాలంలో సముద్రం కాస్త నెమ్మదించాక కాకినాడ దగ్గర మా ఆఫీసు నడిపే మేడమ్ పడవ మీద వెళ్ళి డాల్ఫిన్లకు ఫొటోలు తీసేవారు. డాల్ఫిన్ ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడు దాని వీపు మీది రెక్క ఒకటి రెండు క్షణాలు నీళ్ళ పైన కనిపిస్తుంది. ఆ రెక్క అంచు మీద గంట్లుంటాయి. వేరే డాల్ఫిన్ కొరికినవి కొన్ని, వలలు కోసినవి కొన్ని. ఏ రెండు రెక్కలూ ఒకలా ఉండవు. హార్డ్ డిస్కులో వచ్చిన వందల ఫొటోల్లో సగం ఖాళీ నీళ్ళే. మిగిలినవాటిలోంచి రెక్కల్ని కత్తిరించి, ఒక్కోదానికి ఏ, బీ, సీ అని నాణ్యత గ్రేడు వేసి, మా జాబితాలో ఉన్న పాత రెక్కలతో పోల్చి, ఇది ఫలానా నంబరు అని తేల్చడం నా పని. సీ వచ్చిన ఫొటోను లెక్కలోకి తీసుకోరు. దేంతోనూ కలవకపోతే కొత్త నంబరు ఇస్తాం. నేను 'కలిసింది' అంటేనే కలిసినట్టు.

మేడమ్ యాభై దాటిన మనిషి, గోదావరి జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఆ గదులు ఆమె స్నేహితురాలివి కాబట్టి ఆఫీసు అక్కడ పెట్టారు. మా ఇల్లు బహదూర్‌పురాలో, జూ పక్కనే. మా ఇంటి దగ్గర జంతువుల మీద పని అంటే జూలో పని అనే అర్థం. "కాదమ్మా, సముద్రపు జంతువులు" అని అమ్మ మొదట్లో వివరించేది. తర్వాత విసుగొచ్చి అవునని తల ఊపేసేది. బాపు సిటీ బస్సు డ్రైవరు. ఆయన మాత్రం తోటి డ్రైవర్లతో గర్వంగా చెప్పుకునేవాడు. "మా బిడ్డ చేపల ఫొటోలు సూసి ఏది ఏదో గుర్తువడ్తది."

"చేప కాదు బాపు."

"అదేలే, పెద్ద చేప."

నాకు ఆ పని వచ్చు. అది గొప్పకోసం అంటున్నది కాదు. రెండో ఏడు దాటేసరికి జాబితా తెరవకుండానే చాలావాటి నంబర్లు చెప్పగలిగేదాన్ని. మేడమ్ ఎవరైనా వస్తే నన్ను చూపించి, "ఈ అమ్మాయి కన్ను నా కన్నుకన్నా మంచిది" అనేవారు. అందులో నలభై మూడో నంబరు నాకు ప్రత్యేకం. ఎవరి సాయమూ లేకుండా నేను మొదటిసారి కలిపిన రెక్క అది. పైన పక్కపక్కనే రెండు అర్ధచంద్రాల్లాంటి గంట్లు, కింద మొదలు దగ్గర ఏటవాలుగా ఒక చిన్న కోత. మూడో ఏడు దాని పక్కన ఒక పిల్ల కనిపించింది. పిల్ల రెక్క కింద తాడు ఒరుసుకున్నట్టు తెల్లటి గీత ఉండేది. ఆ రోజు కిందికి వెళ్ళి కార్డుల దుకాణంవాళ్ళకు కూడా స్వీట్లు పంచాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక, మా చుట్టాలమ్మాయికి బిడ్డ పుట్టిందన్నాను.

పడవ మీదికి అప్పటిదాకా మేడమే వెళ్ళేవారు. ఒకరోజు మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చి, "ఈ సీజన్ నుంచి నేను పడవెక్కలేను. డాక్టరు ఒప్పుకోవట్లేదు" అన్నారు. నేను పైకి అయ్యో అన్నాను గానీ లోపల గుండె ఎగిరింది. ఇంకెవరున్నారు? ఆఫీసులో ఉన్నదే ఇద్దరం. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ పత్తర్‌గట్టీలో వెడల్పు అంచున్న టోపీ ఒకటి కొన్నాను.

రెండు వారాల తర్వాత మేడమ్ ఒక కొత్త అమ్మాయిని తీసుకొచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చోబెట్టారు. నాకన్నా రెండేళ్ళు చిన్నది. వాళ్ళదీ కోస్తా నుంచి వచ్చిన కుటుంబమే, నాన్న ఇంజనీరు. చిన్నప్పటినుంచీ ఈత నేర్చుకుంది, కెమెరా బాగా వాడుతుంది. "ఫీల్డు పని ఈమె చూసుకుంటుంది. నీ కన్ను నాకిక్కడ కావాలి" అన్నారు మేడమ్. ఆ అమ్మాయి లేచి నిలబడి, "నమస్తే అక్కా, మీ గురించి మేడమ్ చాలా చెప్పారు" అంది. నేను నవ్వాను. ఆ టోపీని తర్వాత అమ్మ మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టేటప్పుడు పెట్టుకునేది.

ఆ అమ్మాయి చెడ్డదైతే నా పని సులువయ్యేది. వారం తిరగకుండానే నువ్వు అనేంత చనువొచ్చింది. ప్రతి ట్రిప్పు నుంచీ నాకోసం పూతరేకులు తెచ్చేది. ఏ రోజు ఏం చూసిందో కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పేది. పడవ దగ్గరికి వచ్చినప్పుడు డాల్ఫిన్ ఊపిరి వదిలితే ఆ తుంపర ముఖం మీద పడుతుందట, చేపల వాసన వేస్తుందట. వింటూ నేను ఆమె మణికట్టు వంక చూసేదాన్ని. ఎండకు చెయ్యంతా నల్లబడి, వాచీ ఉన్నచోట మాత్రం తెల్లగా ఉండేది. ఆమె టీకి కిందికి వెళ్ళినప్పుడు ఒకసారి ఆమె ఫీల్డు నోట్‌బుక్ తీసి వాసన చూశాను. ఉప్పునీళ్ళు తగిలి కాగితాలు గరుకుగా అయ్యాయి. మధ్యలో ఇసుక ఉంది. మెట్ల మీద చప్పుడు వినపడగానే దొంగలా టేబుల్ మీద పెట్టేశాను.

పడవ మీదినుంచి నాకు వాయిస్ మెసేజీలు పంపేది. వెనక ఇంజను శబ్దం, గాలి. "అక్కా, నీ ఇరవై ఏడు వచ్చింది, ఇద్దరు ఫ్రెండ్స్‌తో. నువ్వుంటే ఎంత బావుండేదో." ఆ చివరి మాట వింటే ఒళ్ళు మండేది. నేనుంటే బావుంటుందని ఆమె అనగలుగుతోందంటే అక్కడ ఆమె ఉంది కాబట్టే కదా. వీడియోలు వస్తే సాయంత్రందాకా తెరిచేదాన్ని కాదు, చూశానని నీలం టిక్కులు పడతాయని.

అప్పుడే గ్రేడ్ల దగ్గర మొదలైంది. ఆమె తీసిన ఫొటోలు బావుండేవి. మేడమ్ తీసినవాటికన్నా బావుండేవి. ఒకరోజు బీ వేయాల్సిన ఫొటోకు సీ వేశాను. అంచు కొంచెం మసగ్గా ఉంది, అనుకున్నాను. మర్నాడు ఇంకో రెండింటికి. కొలత గట్టిగా ఉండాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సీజన్ సగానికి వచ్చేసరికి ఆమె ఫొటోల్లో లెక్కలోకి రాకుండా పోయినవి చాలా అయ్యాయి. ఆమె నొచ్చుకోలేదు. "పడవ ఊగుతుంటే చెయ్యి నిలవట్లేదక్కా, ఈసారి జాగ్రత్తగా తీస్తాను" అంది. ఆ తర్వాత ట్రిప్పులో మరీ బాగా తీసుకొచ్చింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చిన ఫొటోల్లో ఒక రెక్క చూసి నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. పై సగం లేదు. కత్తితో కోసినట్టు పోయింది. కోసినచోట గులాబీ రంగులో గాయం మానుతూ ఉంది. దాని ఎదురుగా ఫీల్డు షీటులో ఆ అమ్మాయి ఇలా రాసింది: 'నలభై మూడు అనుకుంటున్నాను. పైకి లేచే తీరు అదే. పిల్ల కనిపించలేదు.'

నేను ఫొటో పెద్దది చేశాను. పైన అర్ధచంద్రాలు రెండూ తెగిన ముక్కతోపాటు పోయాయి. కింద మొదలు దగ్గర ఏటవాలు కోత ఉంది. దాని వెనక బియ్యపుగింజంత మచ్చ ఒకటుంది. నలభై మూడో నంబరు పాత ఫొటోలు తీశాను. అదే కోత, అదే మచ్చ. పది నిమిషాలు కూడా పట్టలేదు. అది నలభై మూడే. అనుమానం అనే మాటే లేదు.

ఊగే పడవ మీద నిలబడి, సగం రెక్క లేని జంతువును, అదీ ఒక్క సీజన్‌లోనే, ఆ అమ్మాయి గుర్తుపట్టింది. పైకి లేచే తీరు చూసి గుర్తుపట్టింది. నలభై మూడు ఎలా లేస్తుందో నాకు తెలియదు. నా దగ్గరున్నవన్నీ కదలని ఫొటోలు. మూడేళ్ళనుంచి నాదనుకున్న జంతువు గురించి నాకు తెలియని సంగతి ఆమెకు తెలుసు. ఇక నా దగ్గర మిగిలిందేమిటి అనిపించింది. ఆ అరగంటా నేను ఏం ఆలోచించానో ఎంత గుర్తుచేసుకున్నా ఇంతకన్నా పెద్ద కారణం దొరకదు. కాలమ్‌లో 'కలవలేదు, కొత్త జంతువు' అని టైపు చేశాను. నూట పన్నెండో నంబరు ఇచ్చాను.

ఆ అమ్మాయి వచ్చి అడిగింది. "నిజంగా కాదా అక్కా? నేను దాన్నే అనుకున్నానే."

"కింది కోత కోణం వేరేగుంది, చూడు" అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. రెండూ వేర్వేరు వైపులనుంచి తీసినవి. తేడా కనిపించేలా ఏరి పెట్టినవి.

ఆమె కాసేపు వంగి చూసింది. "అవును, వేరేగానే ఉంది. నీ కన్ను ముందు నాదెంతలే" అని వెళ్ళిపోయింది.

నలభై మూడు మళ్ళీ కనిపించలేదు కాబట్టి మేడమ్ దాని నంబరు ఎదుట 'బహుశా మరణించింది' అని రాసుకున్నారు. నేను తర్వాతి ఫొటో తెరిచాను.

ఫిబ్రవరి చివర్లో వచ్చిన ఫొటోలతో సంగతి ముదిరింది. నూట పన్నెండు పక్కన ఒక పిల్ల ఈదుతోంది. పిల్ల రెక్క కింద తెల్లటి గీత. ఆ అమ్మాయి ఆ గీతను వెంటనే గుర్తుపట్టింది. ఇద్దరం మేడమ్ గదిలోకి వెళ్ళాం. మేడమ్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"తల్లి పోయిన పిల్లను ఇంకో ఆడది చేరదీసిందన్నమాట" అన్నారు. "మన తీరంలో దీన్నెవరూ రాసినట్టు లేదు. నువ్వే చూశావు కాబట్టి నువ్వే చెప్పాలమ్మా ఇది." ఆ చివరి మాట ఆ అమ్మాయితో అన్నారు. వచ్చే నెలలో ఒక సదస్సు ఉంది. ఆమె అక్కడ మాట్లాడుతుంది. దానికి ఫొటోలు సిద్ధం చేసి ఇవ్వడం నా పని.

రోజూ బస్సులో ఇంటికి వెళ్తూ నేను ఒకటే లెక్క వేసుకునేదాన్ని. నోరు విప్పితే ఆమె మొదటినుంచీ చెప్పింది నిజమని తేలుతుంది. విప్పకపోతే వేదిక ఎక్కి అందరి ఎదుటా చప్పట్లు కొట్టించుకుంటుంది. మూడో దారి కూడా కనిపించింది. మాట్లాడనిచ్చి, నెల తర్వాత నేనే ఆ తప్పు పట్టుకున్నట్టు బయటపెట్టొచ్చు. అప్పుడు తలదించుకునేది ఆమె. ఈ ఆలోచన ఎంత నీచమో తెలియక కాదు. తెలిసే దాన్ని చాలా రోజులు మోశాను. ఒకరోజు మూసీ బ్రిడ్జి మీద బస్సు ఆగిపోతే, సభలో ఎవరెవరుంటారు, నేను ఎక్కడ నిలబడి చెప్తాను అన్నదాకా ఊహించుకున్నాను.

మార్చిలో ఆ అమ్మాయి సీజన్ ఆఖరి ట్రిప్పు నుంచి వచ్చింది. ఆ రోజు ఎప్పట్లా గలగలా మాట్లాడలేదు. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తీసుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది కానీ మూత తీయలేదు.

"అక్కా, మన పడవ నడిపే తాత లేడూ" అంది. "నలభై మూడు పోయిందని ఆయనకు చెప్పాను. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఎందుకు తాతా అంటే ఇప్పుడు చెప్పాడు. డిసెంబరులో ఆయన వలలో ఒక డాల్ఫిన్ పడిందట, అది నలభై మూడేనని ఆయన నమ్మకం. పిల్ల పక్కనే తిరుగుతోందట. కొత్త వల. అయినా ఆ వలను అడ్డంగా కోసేసి డాల్ఫిన్‌ను వదిలిపెట్టాడట. రెక్క మాత్రం తెగిపోయిందట. సంక్రాంతి నుంచీ పడవ ఆయన కొడుకే నడిపాడు కదా, మళ్ళీ దాన్ని ఆయన చూడలేదు. బతికి ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు."

కింద మిషన్ తిరుగుతోంది. ఆమె చేతిలో బాక్సు మూత గలగలమంటోంది.

"పిల్లతో ఉన్నది, రెక్క తెగింది" అంది ఆమె నెమ్మదిగా. "అక్కా, ఆ నూట పన్నెండును ఇంకొక్కసారి చూస్తావా? నువ్వు కాదంటే కాదనే అనుకుంటాను."

ఆ ఫొటో తెరవబోయిన నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. "చూడక్కర్లేదు" అన్నాను. "అది నలభై మూడే."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమవుతుంటే ముఖం మారడం చూశాను. "మరి కాదని ఎందుకు చెప్పావు? నాకు ఫొటోలు కూడా చూపించావు కదా."

"కావాలనే చూపించాను. నువ్వు పడవ మీదికి పోతున్నవ్, నేను పోతలేను. అందుకే." ఆఫీసులో నేను ఎప్పుడూ జాగ్రత్తగా మాట్లాడేదాన్ని. ఆ రోజు ఇంటి మాటే వచ్చేసింది. "నీ ఫొటోలకు గ్రేడులు గూడ తక్కువ ఏసిన. శానా వాటికి."

ఆమె అరిచి ఉంటే బావుండేది. బాక్సు తీసుకుని తన టేబుల్ దగ్గరికి వెళ్ళింది. ఫోను తీసింది. కాకినాడలో ఆ తాత కొడుక్కి చేసి, "తాతకు చెప్పండి, అది బతికే ఉంది. పిల్ల కూడా దాని దగ్గరే ఉంది. మా దగ్గరే పొరపాటు జరిగింది" అంది. ముందు ఆ పని చేసింది. తర్వాత మేడమ్ గదిలోకి వెళ్ళింది. అయిదు నిమిషాల తర్వాత నన్ను పిలిచారు.

మేడమ్ కేకలు వేయలేదు. ముందు సదస్సువాళ్ళకు ప్రసంగం రద్దు చేస్తున్నామని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం నా ఎదుటే చదివి, నా ఎదుటే పంపారు. అప్పుడు నా వైపు తిరిగారు. "నువ్వు కలిసిందంటే కలిసిందనుకున్నాను. ఇప్పుడు ఈ సీజన్‌లో నువ్వు వేసిన ప్రతి గ్రేడూ మళ్ళీ చూడాలి. ఎన్ని అబద్ధాలో నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తాను మేడమ్, ఏవేవో గుర్తున్నాయి."

"నీ గుర్తు ఇప్పుడు నాకు పనికిరాదు" అన్నారు. తర్వాత, "పడవ మీదికి వెళ్ళాలని నన్ను ఎప్పుడైనా నోరు తెరిచి అడిగావా?" అన్నారు.

అడగలేదు. ఉద్యోగానికి వచ్చినరోజు ఈత వచ్చా అని ఆమె అడిగితే, బహదూర్‌పురాలో ఈతేంటి మేడమ్ అని నవ్వాను. అంతే. నాకు దక్కుతుందని అనుకున్నదాన్ని నేను ఎవరినీ అడగలేదు, దక్కనప్పుడు మాత్రం దోచుకున్నట్టు భావించాను.

ఉద్యోగంలోంచి తీసేయలేదు. చివరి మాట చెప్పే పని నానుంచి తీసేశారు. వేసవంతా ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని ఆ సీజన్ ఫొటోలన్నీ మళ్ళీ గ్రేడ్ చేసింది. నేను మౌస్ నొక్కాలి, ఆమె చెప్పాలి. "బీ." "బీ." "ఇది సీయే." "బీ." న్యాయంగానే చెప్పేది. నేను నిజంగానే సరిగ్గా వేసిన సీలను మార్చేది కాదు. పూతరేకులు లేవు. మళ్ళీ మీరు అనడం మొదలుపెట్టింది. ఆ మీరు విన్నప్పుడల్లా తల కొట్టేసినట్టుండేది.

ఇంట్లో ఒకరోజు బాపుకు చెప్పాను. డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు.

"బాపు, ఆఫీసుల నేను కావాలని తప్పు రాసిన. దొరికిపోయిన."

"నౌకరి పోయిందా?"

"పోలే."

"మరేంది ఫికర్?"

"నా ఎనుక వచ్చిన పిల్లకు నాకన్న మంచి పని ఇచ్చిండ్రు. కుళ్ళుతోని జేసిన."

బాపు తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు. "నాకు గూడ గట్లనే అయింది బిడ్డా. డిపోల కొత్త బస్సు నాకొస్తదనుకున్న. నా ఎనుక చేరినోనికి ఇచ్చిండ్రు. నెలదినాలు వానితోని మాట్లాడలే. మస్తు మండింది." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "గని వాని బస్సును నేనేం జెయ్యలే."

అంతే అని లోపలికి వెళ్ళిపోయాడు. ఓదారుస్తాడని చెప్పుకున్నాను. మేడమ్ మాటలకన్నా అదే ఎక్కువ తగిలింది.

ఆ ఎండాకాలం బార్కస్‌లో ఒక ఈతకొలనులో ఆడవాళ్ళకు పొద్దున ఒక బ్యాచ్ ఉందని తెలిసి చేరాను. ఆడపిల్లలకు ఈత నేర్పే పెద్దావిడను అందరూ పిన్నిని పిలిచినట్టు ఖాలా అనేవాళ్ళు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. నాతో సగం తెలుగు, సగం ఉర్దూ. మొదటి వారం నేను గట్టు వదల్లేదు. "పానీని పట్టుకుంటున్నవ్ బేటీ నువ్వు. పానీ చేతిల ఆగదు. ఇడ్సిపెట్టు" అనేది. పదేళ్ళ పిల్లలు నా పక్కనుంచి చేపల్లా దూసుకుపోయేవాళ్ళు. ఆ పిల్లల మీద కూడా నాకు అసూయ కలిగింది. ఎండలు ముగిసేసరికి కొలను అడ్డంగా ఈదగలిగాను. నిలువుగా ఈదడానికి దసరా దాటింది.

నవంబరులో మేడమ్ గదికి వెళ్ళి నిలబడ్డాను. "మేడమ్, నాకు పడవ మీదికి రావాలని ఉంది. ఈత నేర్చుకున్నాను."

ఆమె చేతిలోని పెన్ను పక్కన పెట్టారు. "పడవ మీద ఎవరుండాలో నేను చెప్పను. ఆ అమ్మాయిని అడుగు."

అది మేడమ్‌ను అడగడంకన్నా కష్టం. ఆ అమ్మాయి టేబుల్ దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాను. ఆమె తెర మీదినుంచి చూపు తిప్పకుండా విన్నది. "రండి" అంది. "వాంతులు రాకుండా మాత్రలు తెచ్చుకోండి. అక్కడ దొరకవు."

మాత్రలు వేసుకున్నా వాంతులు ఆగలేదు. కాకినాడ ఒడ్డు నుంచి తెల్లవారుతుండగా బయల్దేరాం. ఒడ్డు కనుమరుగు కాకముందే పడవ అంచు పట్టుకుని వంగిపోయాను. పడవ నడిపే తాత నాకు నీళ్ళ సీసా అందించి, "మీరేనాండీ హైదరాబాద్‌లో ఫొటోలు చూసే అమ్మాయి?" అన్నాడు.

"అవునండి."

"అదేనండి, రెక్క తెగినదాన్ని చచ్చిపోయిందన్నారు కదా. ఫొటో సరిగ్గా పడి ఉండదు లెండి. నీళ్ళ మీద ఎండ కొడితే ఏమీ తెలీదు."

ఆ అమ్మాయి కెమెరా పట్టీ సవరించుకుంటోంది. మా వైపు చూడలేదు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. "పొరపాటయిందండి" అన్నాను. అంతకు మించి రాలేదు. ఆయన వల కోసిన చేతులవి. చుక్కాని పట్టుకుని నాకేసి దయగా చూస్తున్నాడు. ఆయన ఇచ్చిన సాకును నేను తీసుకున్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

తొమ్మిది గంటల ప్రాంతంలో ఆ అమ్మాయి చెయ్యెత్తింది. ఇంజను ఆపేశారు. నాకు నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఎక్కడో బుస్సుమని శబ్దం. తిరిగేలోపు అయిపోయింది. మళ్ళీ ఇంకోవైపు. బూడిదరంగు వీపులు, వెలుగు, తుంపర. నాలుగేళ్ళు నేను పెద్దవి చేసి, ఆపి, గంటలకొద్దీ చూసినవి అక్కడ రెప్పపాటు కూడా నిలవలేదు. ఒక్కదాని నంబరు కూడా చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి మాత్రం మెల్లగా చెబుతూనే ఉంది. "పద్దెనిమిది. దాని వెనక ఇరవై ఏడు."

అప్పుడు పడవకు కుడివైపు సగం రెక్క ఒకటి లేచింది. పక్కనే చిన్న వీపు.

"నలభై మూడు" అంది ఆమె. "లేచే తీరు చూడండి. మునిగేముందు ఎడమకు వాలుతుంది."

మళ్ళీ లేచినప్పుడు చూశాను. నిజమే, మునిగేముందు ఎవరి మాటో వినడానికన్నట్టు కొంచెం ఎడమకు వాలింది. నాలుగుసార్లు చూశాను. సంతోషం పట్టలేకపోయానని రాస్తే బావుంటుంది. సంతోషం ఉంది కూడా. కానీ ఆ క్షణంలో అంతకన్నా పెద్దది వేరే ఉంది. ఇది ఆమెకు ఏడాదినుంచీ తెలుసు. ఆ తీరును ఆమె నాకు చూపించాల్సి వచ్చింది. నేను కెమెరా ఎత్తడం కూడా మరచిపోయాను.

తిరుగు రైల్లో మా ఇద్దరివీ ఎదురెదురు సీట్లు. సామర్లకోట దాటాక టీ తీసుకున్నాం. ఆమే మొదలుపెట్టింది.

"ఇంకా అలాగే ఉందా మీకు? నామీద?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "ఉంది."

"పడవ మీద ఉన్నప్పుడు కూడానా?"

"అప్పుడింకా ఎక్కువ."

ఆమె టీ కప్పు పెదాల దగ్గరే ఆపి, తల అడ్డంగా ఊపుతూ నవ్వింది. ఆ మార్చి తర్వాత ఆమె నా ఎదుట నవ్వడం అదే మొదలు. "నాకూ ఉండేది" అంది. "నేను చేరిన కొత్తలో మేడమ్ ప్రతిదానికీ మీ కన్ను, మీ కన్ను అనేవారు. అందుకే ఫొటో లేకుండానే గుర్తుపట్టడం నేర్చుకున్నాను." తర్వాత వరంగల్ వచ్చేదాకా ఇద్దరం నిద్రపోయాం.

ఇప్పుడు ఒక ట్రిప్పుకు ఆమె వెళ్తే ఇంకోదానికి నేను వెళ్తున్నాను. వాంతులు తగ్గాయి. నా ఫొటోలు ఆమె చూస్తుంది, ఆమె ఫొటోలు నేను చూస్తాను, చివరి మాట మేడమ్‌ది. ఆమె సముద్రం మీద ఉన్న రోజుల్లో ఛత్తా బజార్‌లో కూర్చున్న నాకు పొద్దున తొమ్మిదీ పది మధ్య ఇంకా అసూయ పుడుతుంది, ఇప్పుడు ఏం కనిపిస్తోందో ఆమెకు అని. కాసేపు అలాగే ఉంటుంది. ఫోను మోగితే ఆమె మెసేజ్ అప్పటికప్పుడే తెరుస్తాను.